బెత్తం ముందా, సైరన్ ముందా

గాజువాకలో ఉదయం ఏడు, ఏడున్నర మధ్య రోడ్డు మీద రెండు రకాల యూనిఫాంలు కనిపిస్తాయి. మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగుతో స్కూలు బస్సు కోసం చూసే పిల్లలు. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ క్యారేజీతో కంపెనీ బస్సు కోసం చూసే పెద్దలు. కిందటి నెల మా అన్నయ్య కొడుకు నన్ను బండి మీద స్టేషన్‌కి తీసుకెళ్తూ ఇదే చూపించాడు. "చూడు బాబాయ్, ఈ బస్సుకి అలవాటు చేస్తే రేపు ఆ బస్సు ఎక్కుతారు. స్కూళ్లు పెట్టిందే అందుకు" అన్నాడు. వాడు డిగ్రీ రెండో ఏడు. బెల్లు, వరసలు, పీరియడ్లు అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనని, తలవంచి పనిచేసేవాళ్లు యజమానులకు కావాలి కాబట్టే బడి పుట్టిందని వీడియోల్లో విన్నాడట.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటలో నిజం ఉంది. కానీ మా నాయనమ్మ బతికుంటే అది విని ఊరుకునేది కాదు.

మా తాత కంబారి. ఇప్పటి విజయనగరం జిల్లాలోని ఒక ఊళ్లో, ఏడాదికి ఇంత ధాన్యమని మాట్లాడుకుని ఒక రైతు ఇంట్లో పాలేరుగా ఉండేవాడు. నాన్నకి ఏడేళ్లు వచ్చేసరికి ఆ ఇంటి గేదెలు కాయడానికి పంపమన్నారు. నాయనమ్మ బడికి పంపింది. "వీడు చదివి ఏం చేస్తాడు? గొడ్లెవడు కాస్తాడు?" అంటూ ఆ ఇంటి పెద్దాయన మా గుమ్మం ముందుకొచ్చి నిలదీశాడని నాన్న చెప్పేవాడు. నాయనమ్మ ఆ సంవత్సరం ఆ ఇంటి ధాన్యం వదులుకుంది. నాన్న టెన్త్ పాసయ్యి, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి, విశాఖలో ఒక పెద్ద కర్మాగారంలో చేరాడు.

మా ఇంటి కథలో పనిచేయించుకునేవాడే బడి వద్దన్నాడు. ఆ బడికి వెళ్లిన పిల్లాడు చివరికి ఫ్యాక్టరీ పనివాడే అయ్యాడు. రెండూ నిజాలే. ఇవి రెండూ ఒకేచోట ఎలా ఇముడుతాయో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫ్యాక్టరీలు ముందు పుట్టిన దేశం ఇంగ్లండు. అక్కడ నూలు మిల్లులు 18వ శతాబ్దం చివరికే నడుస్తున్నాయి. దేశమంతటా ప్రాథమిక పాఠశాలలు ఉండాలని చట్టం వచ్చింది 1870లో. పిల్లలు తప్పనిసరిగా హాజరవ్వాలన్నది 1880లో. అంటే మిల్లులు సుమారు వందేళ్ల పాటు అందరికీ తప్పనిసరి బడి లేకుండానే నడిచాయి. వాటికి కావలసింది చదువుకున్న పిల్లలు కాదు, పిల్లలే. దారం తెగితే యంత్రం కింద దూరి ముడివేయడానికి చిన్న చేతులు, చిన్న ఒళ్లు కావాలి. మిల్లుల్లో పనిచేసే పిల్లలకు రోజుకి రెండు గంటలు చదువు చెప్పించాలని 1833 చట్టం పెట్టిన నిబంధన యజమానులు కోరుకున్నది కాదు, వాళ్ల నెత్తిన పడినది.

బడిని మొదట తప్పనిసరి చేసిన రాజ్యాల్లో ఒకటి ఇప్పటి జర్మనీ ప్రాంతంలోని ప్రష్యా. రెండో ఫ్రెడరిక్ రాజు 1763లో ఆ శాసనం చేశాడు. అప్పటికి అక్కడ చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీలు లేవు, ఎక్కువగా వ్యవసాయమే. రాజుకు దైవభక్తి, రాజభక్తి ఉన్న ప్రజలు కావాలి. కాబట్టి విధేయత అన్న మాట అబద్ధం కాదు. ఎవరికి విధేయత అన్న దగ్గరే వీడియోలు తప్పుతాయి. అది మొదట రాజుకీ చర్చికీ. యజమాని ఆ వరసలో చాలా వెనక వచ్చాడు. అమెరికాలో మసాచుసెట్స్ 1852లో హాజరు చట్టం చేసేనాటికి అక్కడ బట్టల మిల్లులు బాగా పెరిగాయి కాబట్టి ఫ్యాక్టరీ వాదం అక్కడ కొంత నిలుస్తుంది. కానీ అక్కడ కూడా హొరేస్ మాన్ అనే విద్యాధికారి, చదువుకున్న పనివాడు మెరుగ్గా పనిచేస్తాడని 1840ల మొదట్లో నివేదికలు రాసి యజమానులను ఒప్పించాల్సి వచ్చింది. బడి కావాలని వాళ్లే ముందుకొచ్చి ఉంటే ఆ శ్రమ ఎందుకు?

ఇక మన సంగతి. బెత్తం తెలుగువాళ్లకు తెల్లదొర తెచ్చిపెట్టలేదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఊళ్లలో ఉన్న బళ్ల లెక్క తీయించాడు. 1826లో ఆయన రాసిన నివేదిక ప్రకారం ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బళ్లు, అంటే దాదాపు వెయ్యి మందికి ఒకటి. మన కోస్తా జిల్లాలన్నీ అందులోవే. అరుగు మీదో చెట్టు కిందో నడిచే ఆ వీధి బళ్లలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. ఎక్కాలు, శతక పద్యాలు, లెక్కలు వల్లెవేసేవారు. తప్పితే గోడ కుర్చీ, గుంజీలు, బెత్తం. ఇంకా తప్పితే కోదండం, అంటే తాడుకి వేలాడదీయడం. చుట్టుపక్కల ఎక్కడా ఫ్యాక్టరీ లేదు, సైరన్ లేదు. 'దండం దశగుణం' అన్న మాట మన నోట ఎప్పటినుంచో ఉంది. పైగా ఆ బళ్లలో అట్టడుగు కులాల పిల్లలకు, ఏ కులం ఆడపిల్లలకైనా చోటు దాదాపు లేదు. ఎవరికి విధేయంగా ఉండాలో వాళ్లకు బడి చెప్పనక్కర్లేదు, ఊరు చెప్పింది.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి ఉంది. ఆండ్రూ బెల్ అనే మతగురువు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాస్తుండడం చూసి ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టబోతే కింది ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడు పెద్ద పిల్లాడి చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. పని జరిగింది. తిరిగి వెళ్లి 1797లో దాని గురించి పుస్తకం అచ్చేశాడు. ఒక్క ఉపాధ్యాయుడు, కొందరు లీడర్లు, వందల మంది పిల్లలు: బీదపిల్లలకు చవకగా చదువు చెప్పే ఈ పద్ధతి ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో వ్యాపించింది. ఫ్యాక్టరీ నమూనా బడి అని ఇప్పుడు తిట్టే దానిలో ఒక ముక్క మన అరుగు మీద నుంచే వెళ్లింది. క్లాసులో అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడరు చరిత్ర అంత పాతది.

ఫ్యాక్టరీ కాకపోతే ఆఫీసు సంగతేమిటి? మా వాడి వాదం బాగా నిలబడేది ఇక్కడే. 1835లో మెకాలే, పాలకులకూ కోట్లాది పాలితులకూ మధ్య దుబాసీలుగా పనికొచ్చే ఒక వర్గం కావాలని దాపరికం లేకుండా రాశాడు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వం ఇంగ్లీషు చదివినవారికే సర్కారు కొలువుల్లో మొదటి చోటంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. చదువుకీ ఉద్యోగానికీ అప్పుడు పడిన ముడి ఇప్పటికీ విడలేదు. చదువుకోవడం అంటే మెట్రిక్యులేషన్ కాగితం సంపాదించడం, ఆ కాగితం అంటే గుమాస్తా కుర్చీ. ఇక్కడ యజమాని ఉన్నాడు, విధేయత కావాలన్నాడు, అందుకోసమే చదువు పెట్టాడు. ఆ యజమాని పేరు సర్కారు.

అయితే ఆ సర్కారు బడి లోపలి నుంచే ఎదురుతిరిగినవాళ్లు కూడా మన ప్రాంతంలోనే ఉన్నారు. తెలుగు పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట బడిలో తప్పవుతుంది. పుస్తకంలో ఉండేది ఎవరి నోటా లేని గ్రాంథికం. దాని మీద 20వ శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ కలిసి వాదించారు. దాన్ని భాషా వివాదంగానే చదువుతాం గానీ నాకది విధేయత మీద వివాదంలా కనిపిస్తుంది. 'నీ నోట్లో మాట తప్పు' అని ఆరేళ్ల పిల్లాడికి చెప్పడం కంటే గట్టిగా తల వంచే పద్ధతి ఇంకొకటి లేదు. మా ఉత్తరాంధ్ర యాస విని క్లాసులో నవ్వే అలవాటు ఇంకా పోలేదు. అది నేనూ పడ్డాను, మా అన్నయ్య పిల్లలూ పడ్డారు.

మళ్లీ నాయనమ్మ దగ్గరికి వస్తాను. ఆమె గుమ్మం ముందు జరిగింది ఒక ఊరి గొడవ కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే ప్రాథమిక విద్యను తప్పనిసరి చేసే బిల్లు పెట్టాడు. 1912లో అది వీగిపోయింది: అనుకూలంగా 13 ఓట్లు, వ్యతిరేకంగా 38. వ్యతిరేకించినవాళ్లలో భూస్వాములు ఉన్నారు. పిల్లలు బడికి పోతే పొలం పనికెవరు వస్తారన్నది వాళ్ల భయం. అంతకు 30 ఏళ్ల ముందే, 1882లో, విద్య మీద సర్కారు వేసిన హంటర్ కమిషన్‌కి జ్యోతిరావు ఫూలే పన్నెండేళ్ల వరకు నిర్బంధ విద్య కావాలని రాసిచ్చాడు. అడిగింది కింది నుంచి, అడ్డుకున్నది పై నుంచి.

1953లో ఇది మళ్లీ వచ్చింది. అప్పటికి విశాఖపట్నం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరు 1న. జూన్‌లో ముఖ్యమంత్రి రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం పెట్టాడు: సగం పూట బడి, మిగిలిన సగం తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవడం. బళ్లు చాలవు, ఉన్నవాటిలోనే ఎక్కువమందిని చదివించొచ్చన్నది ఆయన వాదన. చాకలి కొడుకు మళ్లీ చాకలే కావాలా అన్నది జనం ప్రశ్న. గొడవ పెద్దదై 1954లో ఆ పథకం పోయింది. పనికి తగినవాణ్ని తయారుచేయడమే బడి పని అనుకుంటే ఆ పథకం అందుకు చక్కగా సరిపోయేది. దాన్ని వద్దన్నవాళ్లు బడిని పనిలోంచి బయటపడే దారిగా చూశారు. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు బడికి వెళ్లని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాలకార్మికుడే అన్న పట్టుతో పనిచేసి పాలేరు పిల్లల్ని బడికి తెచ్చారు. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

అందుకే ఎవరైనా 'బడి బానిసల్ని తయారుచేసే యంత్రం' అని తేలిగ్గా అన్నప్పుడు నాకు కష్టం వేస్తుంది. ఆ మాట ఇంటర్‌నెట్ ఉన్న ఇంట్లో ఒక ఆలోచన. పిల్లాణ్ని చదువు మాన్పించి మెకానిక్ షెడ్డులో పెడదామా అని ఊగిసలాడే ఇంట్లో అది ఒక నిర్ణయం అయిపోగలదు.

ఇంతా చెప్పి మా వాడి మాట కొట్టిపారేస్తున్నానా? లేదు. వాడు పుట్టుక గురించి అన్నది తప్పు. రోజువారీ నడక గురించి అన్నది చాలావరకు ఒప్పు. 1976లో బౌల్స్, గింటిస్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు దీన్ని వివరంగా వాదించారు. పాఠంలో ఏముందన్నది కాదు, పాఠం చెప్పే తీరే పిల్లల్ని పనికి సిద్ధం చేస్తుందన్నారు. పని ఎవరో నిర్ణయిస్తారు, మనం చేస్తాం, ఫలితంగా మార్కు వస్తుంది. ఫ్యాక్టరీలో జీతం వచ్చినట్టు. ఇంకో ముఖ్యమైన మాట కూడా అన్నారు: అన్ని బళ్లూ ఒకే అలవాటు నేర్పవు. కింది ఉద్యోగాలకు వెళ్లే పిల్లల బళ్లలో రూలు పాటించడం నేర్పితే, పై ఉద్యోగాలకు వెళ్లే పిల్లల బళ్లలో సొంతంగా ఆలోచించి పని నడపడం నేర్పుతారు.

విశాఖలో ఒక్క రోజు తిరిగినా ఈ రెండో మాట అర్థమవుతుంది. బీచ్ వైపు కొన్ని స్కూళ్లలో పిల్లలు ప్రాజెక్టు ఎంచుకుంటారు, టీచరుతో వాదిస్తారు. మా వైపు సందుల్లోని స్కూళ్లలో చేతులు కట్టుకుని 'ఎస్ టీచర్' అంటారు. ఫీజుకీ ప్రశ్న అడిగే స్వేచ్ఛకీ ఇంత దగ్గరి సంబంధం ఉండడం నన్ను బాధపెడుతుంది.

ఇంటర్ హాస్టళ్ల సంగతి వేరే. మా బంధువుల అమ్మాయి రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చదివింది. ఐదింటికి లేపేవారు. రాత్రి పదిన్నర దాకా క్లాసులు, స్టడీ అవర్లు. వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. ఇంటికి ఫోన్ ఆదివారం, అదీ వార్డెన్ పక్కన నిలబడగా. ఏ ఫ్యాక్టరీలోనూ ఇన్ని గంటల షిఫ్టు ఉండదు. ఇది ఏ యజమాని అడిగాడు? ఎవరూ అడగలేదు. సీట్లు కొన్ని, పిల్లలు లక్షలు, మధ్యలో ఒక పరీక్ష. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో చెప్పిన విషయం దీనికి సరిపోతుంది. ఉద్యోగం ఇచ్చేవాడికి నీ లోపల ఏముందో కనిపించదు. అందుకని చదువు కాగితాన్ని గుర్తుగా చూస్తాడు. నువ్వేం నేర్చుకున్నావన్న దానికంటే, అంత కష్టమైన పరీక్ష దాటావన్నదే ఆ గుర్తు చెబుతుంది. బడి జల్లెడ అవుతుంది. జల్లెడ పట్టేది ఒక్కరైనా, దాని కన్నాల్లోంచి దూరడానికి పిల్లల్ని నలిపేది మాత్రం మనమందరం: కాలేజీ, తల్లిదండ్రులు, ర్యాంకుల ఫ్లెక్సీలు. అక్కడ విధేయత ఎవరి లక్ష్యమూ కాదు. టైం లేక ప్రశ్న చచ్చిపోతుంది, మిగిలేది విధేయత.

అలాగే బడి నిజంగా పనివాళ్లను తయారుచేసే యంత్రమే అయితే ఇంత అధ్వాన్నంగా నడవకూడదు. దేశవ్యాప్తంగా పల్లెల్లో చేసిన 2022 అసర్ సర్వేలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమే. మిగతావాళ్లు కూడా విధేయంగా ఐదో తరగతి దాకా వచ్చారు. చదవడం మాత్రం రాలేదు. ఏ యజమానికి దీంతో లాభం?

విధేయత కూడా పూర్తిగా పండలేదన్నది ఈ ఊరి చరిత్రలోనే ఉంది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ క్లాసులు వదిలి రోడ్ల మీదికి వచ్చినవాళ్లలో విద్యార్థులే ముందున్నారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు అడిగింది ఫ్యాక్టరీనే. మాకు పనివాళ్లు కావాలని ఫ్యాక్టరీ బడిని అడగలేదు, మాకు ఫ్యాక్టరీ కావాలని బడి పిల్లలే ప్రభుత్వాన్ని అడిగారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 2021 జనవరిలో దాన్ని ప్రైవేటుపరం చేయాలన్న నిర్ణయం వచ్చినప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వేసినవాళ్లు ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుకున్నవాళ్లే. ఈ ఊళ్లో అన్నిటికంటే నోరెత్తలేనివాళ్లు చదువులేని కాంట్రాక్టు కూలీలు. వాళ్లకు జీతం చీటీలో ఏం కోశారో కూడా తెలియదు.

యజమానికి నిజంగా విధేయత కావాలా అన్నది ఇంకో ప్రశ్న. మా నాన్న పనిచేసినచోట వెల్డింగు లాంటి పనికి ముందు పర్మిట్ ఉండాలి. గ్యాస్ చెక్ చేశారా, లైన్ మూసేశారా అన్నది అందులో రాసి సంతకం పెట్టాలి. ఒకసారి పర్మిట్ రాకుండానే పని మొదలుపెట్టమని సూపర్‌వైజర్ తొందరపెడితే నాన్న టూల్ బాక్సు కింద పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు తిట్లు తిన్నాడు. 'పర్మిట్ చదవడం బడి నేర్పింది. చెయ్యను అనడం యూనియన్ నేర్పింది' అనేవాడు. 2020 మే 7న విశాఖలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలోని రసాయన కర్మాగారం నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయినప్పుడు, అప్పటికే రిటైరైన నాన్న రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదు. ఇన్ని రసాయనాల మధ్య బతికే ఊళ్లో 'ఎదురు మాట్లాడకు' అని పెంచిన పిల్లాడు రేపు కంట్రోల్ రూములో కూర్చుంటే అది కంపెనీకి కూడా మంచిది కాదు, పక్క ఇళ్లలో నిద్రపోయేవాళ్లకి అసలు మంచిది కాదు.

నాన్న మాట నాకు ఈ చిక్కుకి దగ్గరి జవాబులా అనిపిస్తుంది. బడి ఆయనకు చదవడం ఇచ్చింది, అదే గంటలో నోరు కట్టేసింది. ఒకటి పారేస్తే రెండోది కూడా పోతుందేమోనని భయపడక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తం లేకుండా అక్షరం రాదన్న పాత నమ్మకానికి చట్టం చెప్పిన జవాబు అది. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే చేతిపనులు, ఇంటర్న్‌షిప్‌లు ఉండాలంటోంది. నాకు అది ఇష్టమే, ఒక షరతు మీద. వడ్రంగం అందరి పిల్లలకూ నేర్పాలి. సర్కారు బడి పిల్లలకు వడ్రంగం, మిగతావాళ్లకు కోడింగ్ అని విడగొడితే అది 1953 పథకమే.

మా అన్నయ్య కూతురు టెన్త్ రాసింది, జూన్‌లో ఇంటర్‌లో చేరాలి. గత ఆదివారం నేనూ, మా వాడూ, అదీ కూర్చుని కాలేజీల్లో అడగాల్సినవి ఒక కాగితం మీద రాశాం. ఎన్ని గంటలు నిద్ర? వారం టెస్టులో మార్కులు తగ్గితే ఏం చేస్తారు? ఆటకి టైం ఎప్పుడు? ఇవన్నీ మా వాడు రాశాడు. ఫీజుల లెక్క నేను రాశాను. అది కాసేపు పెన్ను చేతిలో పట్టుకుని, కింద ఒక లైను తనే రాసింది: 'క్లాసులో అర్థం కాకపోతే ఆపి అడగొచ్చా?' మా వాడు నవ్వబోయి ఆగిపోయాడు. శనివారం మొదటి కాలేజీకి వెళ్తున్నాం. ఆ ప్రశ్న తనే అడుగుతానంది.